గాలి అనే మాట గురించి

నా దగ్గర పదో తరగతి చదివి వెళ్లిన ఒక కుర్రవాడు ఇప్పుడు అమీర్‌పేటలో ఇంగ్లీషు మాట్లాడడం నేర్పే ఒక సంస్థలో చేరాడు. ఈమధ్య ఒక ఆదివారం నోటుపుస్తకం పట్టుకొని మా ఇంటికి వచ్చాడు. ‘ఎయిర్’ అనే మాట వున్న వాక్యాలు కొన్ని ఇచ్చి తెలుగు చేసుకు రమ్మన్నారట. అతని దగ్గరున్న చిన్న నిఘంటువులో ఆ మాటకు ‘గాలి’ అని ఒకే అర్థం వుంది. దాన్నే నమ్ముకొని పని పూర్తిచేశాడు. “ఆయన ముఖంలో అధికారపు గాలి వుంది.” “ముసలాయన వయొలిన్ మీద ఒక పాత గాలి వాయించాడు.” “మా ఆలోచనలన్నీ ఇంకా గాలిలోనే వున్నాయి.” “ఆ కార్మికురాలు తన బాధను గాలికి వదిలింది.”

“ఒకసారి చూసిపెట్టండి సార్” అన్నాడు.

నేను నవ్వాను. తెలుగు ఎమ్మే చదివినవాడికి అంతమాత్రం నవ్వు రావడంలో వింత లేదు. కాని అతను వెళ్లిపోయిన తరువాత ఆ నాలుగు వాక్యాలు నన్ను వదలలేదు. రెండోది తప్పు, సందేహం లేదు. మూడోది నిక్షేపమైన తెలుగు. మొదటిదాన్ని అంత తేలికగా తప్పు అనడానికి వీలులేదు. పట్నం గాలి తగిలినవాడు మారిపోతాడని పల్లెల్లో అంటారు. పదవి గాలి తగిలినవాడి ముఖం మారడంలో ఆశ్చర్యం ఏముంది? చిక్కంతా నాలుగో వాక్యంతోనే. అది వ్యాకరణం రీత్యా మంచి తెలుగే, అయితే అసలు వాక్యానికి పూర్తిగా వ్యతిరేకమైన అర్థం ఇస్తున్నది. ఇంగ్లీషువాడు తన బాధను గాలిలో పెడితే అది పదిమందికీ తెలుస్తుంది. మనం ఒక విషయాన్ని గాలికి వదిలేస్తే దాన్ని ఇక ఎవరూ పట్టించుకోరు. రెండు భాషల్లోనూ గాలి ఒకటే. గాలిలోకి పంపిన మాట ఏమవుతుందనే అనుభవం వేరు.

ఇంగ్లీషు మాట సంగతి ముందు చూద్దాం, అది తేలికగా తేలిపోతుంది. ఈనాటి ‘ఎయిర్’ ఒక మాటగా కనిపించినా అందులో మూడు ప్రవాహాలు కలిశాయి. పీల్చే గాలి గ్రీకు నుంచి లాటిన్, లాటిన్ నుంచి ఫ్రెంచి మీదుగా వచ్చింది. మనిషి వాలకం, ధోరణి అనే అర్థం ఫ్రెంచివారి వాడుకలో ఏర్పడి వచ్చింది. పాట, బాణీ అనే అర్థానికి ఇటాలియన్ల ‘ఆరియా’ మూలం. తరువాత రేడియో వచ్చి, ప్రసారంలో వున్నదంతా ‘ఎయిర్ మీద’ వున్నదయింది. మన దేశంలో ఆలిండియా రేడియో పొడి అక్షరాలు కూడా ఆ మాటే కావడం ఒక చిత్రమైన పొందిక. మనవాళ్లు దానికి గాలివాణి అని పేరు పెట్టలేదు, ఆకాశవాణి అన్నారు. 1930లలో మైసూరులో ఒక రేడియో కేంద్రానికి పెట్టుకున్న పేరు తరువాత దేశమంతటికీ వచ్చింది. గాలిలో వచ్చే మాటకు మన దగ్గర విలువ లేదు మరి. ఆకాశం నుంచి వస్తే వుంది. గాలికబుర్లు, గాలిమాటలు అంటే పుట్టుకా పూచీ లేని మాటలు కదా. పక్కనున్న కన్నడిగులకు కూడా ‘గాళిసుద్ది’ అంటే పుకారే. గాలిపటం వాళ్లకు గాళిపట. మన గాలీ వాళ్ల గాళీ ఒక తల్లి బిడ్డలే.

తెలుగు మాటలో ఇంగ్లీషులోలాగ పరాయి ప్రవాహాలు కలవలేదు. ఒకే మాట, రకరకాల మనుషుల చేతుల్లో పడి రకరకాల పనులు చేసింది. నిఘంటువులో ఆ అర్థాలకు ఒకటి, రెండు, మూడు అని అంకెలు వేసి పక్కపక్కన కూర్చోబెడతారు. నిఘంటుకారుడికి అంతకంటే మార్గం లేదు. కాని రచయిత కూడా వాటిని అట్లాగే చూస్తే మోసపోతాడు. ఈ అర్థాలు ఒకదానిపక్కన ఒకటి ప్రశాంతంగా కూర్చున్నవి కావు. ప్రతి అర్థం వెనుక దాన్ని వాడిన మనుషులున్నారు, దాన్ని కొట్టిపారేసిన మనుషులూ వున్నారు.

దీన్ని చూడడానికి దూరం పోనక్కరలేదు. అమీర్‌పేట మెట్రో స్టేషను కింద దిగి పంజాగుట్ట కూడలి దాకా నడిస్తే చాలు. మెట్రోలో అది ఒక స్టేషను దూరమే. నేను అప్పుడప్పుడు నడుస్తాను.

మైత్రీవనం వైపు సందుల్లో కంప్యూటరు శిక్షణ సంస్థలు, వాటిమీద హాస్టళ్లు, వాటికింద టిఫిన్ బండ్లు. పాఠాలు చెప్పే గదుల్లో ఏసీలున్నాయి. ఏసీ యంత్రం చల్లదనాన్ని ఎక్కడినుంచో తీసుకురాదు. గదిలోని వేడిని తీసి బయట పారబోస్తుంది. ఆ వేడిగాలి పడేది సందులో దోసెలు పోసే మనిషి మీద. లోపల కూర్చున్న కుర్రవాడు ‘ఎయిర్ కండిషన్’ అని రాస్తాడు, బయటి మనిషి ‘వడగాలి’ అంటుంది. ఒకే యంత్రం అటు ఒక మాట, ఇటు ఒక మాట ఊదుతున్నది.

మూలమీద ఒక పంక్చరు దుకాణం. చిన్న ఇనుప ట్యాంకి మీద ఎర్రరంగుతో ‘ఎయిర్’ అని రాసి వుంది. కారువాడు అద్దం దించి “ఎయిర్” అంటాడు. పాతబస్తీ నుంచి వచ్చిన బండివాడు “హవా” అంటాడు. నా స్కూటరు చూసి ఆయనే “గాలి కొట్టాల్నా సార్?” అని అడుగుతాడు. మూడు మాటలకూ ఒకటే గొట్టం, ఒకటే గాలి. ఏ చక్రానికి ఎంత పడుతుందో ఎంత బాగా తెలుసో, ఏ మనిషికి ఏ మాట పడుతుందో కూడా ఆయనకు అంత బాగా తెలుసు. మన నవలల్లో హైదరాబాదు పాత్రలచేత ఒకే మూసలో ‘క్యా బాత్ హై’ అనిపించి వదిలేసే రచయితలు ఈ దుకాణం ముందు ఒక పూట నిలబడితే మేలు.

‘గాలి తీసెయ్యడం’ అనే మాట కూడా ఇక్కడిదే. సాహిత్యసభల్లో ఫలానా విమర్శకుడు ఫలానా కవి గాలి తీసేశాడని నవ్వుకుంటూ చెప్పుకుంటాం. ఇక్కడ రోడ్డుపక్కన నిలిపిన బండి చక్రంలో ఎవరైనా గాలి తీసేస్తే ఆ బండివాడి ఆ పూట కూలి పోయినట్టే. మనం సరదాగా వాడే మాట కింద ఇంకొకరి తిండి వుంది.

హవా గురించి మరొక్క మాట. నిజాం కాలపు హైదరాబాదులో వాతావరణాన్ని ఉర్దూలో ‘ఆబోహవా’ అనేవారు, అంటే నీరూ గాలీ. తెలుగు పల్లెలో కొత్త ఊరికి వెళ్లి జబ్బుపడినవాడు “అక్కడి నీళ్లూ గాలీ పడలేదు” అంటాడు. పారశీకం మాట్లాడినవాడూ వరినాటు వేసినవాడూ ఒక ఊరిని ఆ రెండింటితోనే కొలిచారు. పుస్తకాల తెలుగులో స్థిరపడిన ‘వాతావరణం’లో గాలి మిగిలింది, నీరు జారిపోయింది. (హవాలా సొమ్ముకూ ఈ హవాకూ చుట్టరికం లేదు, ధ్వని సామ్యం మాత్రమే. ఒక వ్యాసంలో ఆ రెంటినీ ముడిపెట్టడం చూశాను కనుక చెబుతున్నాను.)

అమీర్‌పేట పక్కనే బేగంపేట. 2008 మార్చిలో శంషాబాదు తెరిచేవరకు నగరపు విమానాలన్నీ అక్కడే దిగేవి. ఈ బస్తీల ఇళ్ల కప్పులమీదుగా తక్కువ ఎత్తులో పోయేవి. తెలంగాణ పల్లెల్లో పెద్దవాళ్లు దాన్ని ‘గాలిమోటరు’ అన్నారు. చదువుకున్నవాళ్లు పురాణాల్లోంచి ‘విమానం’ తెచ్చారు, ఆ మాటే నిలిచింది. గాలిమోటరును మోటుమాటగా, నవ్వులాటగా చూశారు. నిజానికి ఏది మంచి పేరు? విమానం అనే మాటలో దేవతలున్నారు, యంత్రం లేదు. గాలిమోటరు అనే మాటలో ఆ వస్తువు ఎక్కడ పోతుందో, దేనితో పోతుందో రెండూ వున్నాయి. కొత్త వస్తువును చూసినప్పుడు భయపడకుండా, దేవుళ్లకు అంటగట్టకుండా, తనకు తెలిసిన రెండు మాటలు కలిపి పేరు పెట్టినవాడిది శాస్త్రదృష్టి అని నేనంటాను. అతనికి అక్షరం రాకపోవచ్చు.

ఈ పద్ధతి కొత్తది కాదు. పాలగుమ్మి పద్మరాజు కథ ‘గాలివాన’ 1952లో న్యూయార్క్ హెరాల్డ్ ట్రిబ్యూన్ నిర్వహించిన అంతర్జాతీయ కథల పోటీలో రెండో బహుమతి పొందింది. ఇంగ్లీషులో దాని పేరు ‘సైక్లోన్’. సైక్లోన్ అనే మాట చుట్టు తిరిగే గాలి లక్షణాన్ని చెబుతుంది, దాన్ని పైనుంచి చూసే శాస్త్రజ్ఞుడి మాట అది. గాలివాన కింద నిలబడ్డవాడి మాట: ముందు గాలి, దానితో వాన, అంతే. కథలో నీతినియమాలు వల్లించే పెద్దమనిషీ బిచ్చగత్తే ఒకే తుపాను రాత్రి ఒకే కప్పుకింద చిక్కుతారు. ఆ కథకు శాస్త్రజ్ఞుడి మాట పేరుగా పెట్టివుంటే అందులో సగం బలం పోయేది. ఇంగ్లీషు పాఠకుడికి ఆ సగం అందలేదని నా అనుమానం.

వ్యవసాయంలో గాలి పనిముట్టు. తూర్పారబట్టడం అంటే చేటతో ధాన్యాన్ని ఎత్తి గాలికి పోసి, పొల్లును ఎగరనిచ్చి గింజను కింద నిలుపుకోవడం. అదే మాటను మనం పుస్తక సమీక్షలకు వాడుతున్నాం. “ఆ సంపుటిని తూర్పారబట్టాడు” అంటే చీల్చి చెండాడాడని అర్థం వచ్చేసింది. కళ్లంలో ఆ పని చేసినవాళ్లు గింజకోసం చేశారు. మన సమీక్షకులు కొందరికి పొల్లు ఎగరడం చూస్తేనే పొద్దుపోతుంది.

పశువులకు వచ్చే ‘గాలికుంటు’ సంగతి చూడండి. నోటిలో, గిట్టల మధ్య పుండ్లు పడి పశువు కుంటుతుంది. గాలికి వస్తుందని రైతు అన్నాడు. పట్నంలో చదువుకున్నవాళ్లు కొందరికి ఇదొక మూఢనమ్మకంలా వినిపించింది. ఆ జబ్బుకు కారణమైన వైరసు ప్రధానంగా పశువుల తాకిడివల్ల వ్యాపించేదే అయినా, అనుకూలమైన తేమ, గాలి వున్నప్పుడు గాలిమీద కూడా పోతుందని తరువాత రుజువైంది. 1981లో ఫ్రాన్సు తీరం నుంచి సముద్రం దాటి ఇంగ్లండు దక్షిణానవున్న ఒక దీవిలోని పశువులకు గాలిమీద చేరింది. రైతు పెట్టిన పేరులో వ్యాధి లక్షణమూ వుంది, అది ప్రయాణం చేసే ఒక దారీ వుంది.

ఇంత చెప్పాక అసలైన చిక్కు దగ్గరికి రావాలి. గాలికి పిశాచం అనే అర్థం కూడా వుంది. పాత నిఘంటువులు దాన్ని దాచలేదు. “పిల్లకు గాలి సోకింది”, “ఆమెకేదో గాలి పట్టింది” అనే మాటలు ఇప్పటికీ వింటాం. అభ్యుదయ రచయితలంగా ఈ అర్థంతో మనం ఏనాడో తగవు పెట్టుకున్నాం. సరైన తగవే. ఎందరు ఆడపిల్లలను వేపమండలతో కొట్టారో మనకు తెలుసు. అత్తింటి బాధ, ప్రసవం తరువాతి జబ్బు, నిద్రలేమి, ఆకలి ఇవన్నీ గాలి ఖాతాలో పడ్డాయి. కారకుడి పేరు చెప్పలేని ఇంట్లో గాలి పేరు చెప్పారు. అయితే అక్కడే ఆగిపోయి, ఆ మాట వాడిన ముసలమ్మను అజ్ఞాని అని ముద్రవేసి పక్కన పెట్టిన కథలు కూడా మనం చాలా రాశాం. ఈ విషయంలో నేను ఇప్పుడు కొంచెం తటపటాయిస్తున్నాను. కారణం చెబుతాను.

అమీర్‌పేట నుంచి నీలి మెట్రోలో ఒక్క స్టేషను పోతే బేగంపేట. అక్కడ పాత విమానాశ్రయం దగ్గర ఒక పాత భవనం వుంది. 1897 ఆగస్టు 20న రోనాల్డ్ రాస్ అనే సైనిక వైద్యుడు ఆ భవనంలోనే సూక్ష్మదర్శిని కింద ఒక దోమ కడుపును కోసి చూశాడు. అందులో మలేరియా క్రిమి పెరుగుతున్న గుర్తులు కనిపించాయి. మరుసటి సంవత్సరం కలకత్తాలో పక్షులమీద చేసిన పరిశోధనతో దోమకాటే దారి అని స్పష్టమైంది. 1902లో ఆయనకు నోబెల్ బహుమతి వచ్చింది. ఆ దోమలు కుట్టింది హుసేన్‌ఖాన్ అనే జబ్బుమనిషిని. కుట్టిన దోమకు ఒక అణా చొప్పున రాస్ అతనికి డబ్బిచ్చాడు. నోబెల్ బహుమతి కథలో హుసేన్‌ఖాన్ వంతు ఆ అణాలే.

మన విషయానికి కావలసింది ఆ జబ్బు పేరు. ‘మలేరియా’ ఇటాలియన్ మాట. ‘మల్’ అంటే చెడ్డ, ‘ఆరియా’ అంటే గాలి. చెడ్డగాలి. ఇంతకు ముందు చెప్పిన వయొలిన్ ‘గాలి’కీ ఈ జబ్బు ‘గాలి’కీ ఇటాలియన్లో ఒకటే మాట. చిత్తడినేలల మీదినుంచి లేచే చెడుగాలి వల్లనే జ్వరాలు వస్తాయని యూరపు వైద్యులు కొన్ని శతాబ్దాలు నమ్మారు, దాన్ని శాస్త్రంగా బోధించారు. సరిగ్గా అదే కాలంలో మన ముసలమ్మ “గాలి సోకింది” అంటే అది మూఢనమ్మకం అయింది. రెండింటిలోనూ వున్నది ఒకే ఊహ: కంటికి కనిపించనిదేదో బయటినుంచి వచ్చి మనిషిని పట్టింది. ఒకదాన్ని లాటిన్ తెలిసినవాళ్లు చెప్పారు, రెండోదాన్ని అక్షరం రానివాళ్లు చెప్పారు. చెడ్డగాలి అనే సిద్ధాంతం బేగంపేటలో ఓడిపోయింది. కాని పేరు ఓడలేదు. ఈనాటికీ వైద్యుడు చీటీమీద ‘చెడ్డగాలి’ అనే రాస్తున్నాడు, తనకు తెలియకుండానే.

కథ అక్కడితో ముగిసివుంటే నేను తటపటాయించవలసిన పని లేదు. 2020 వచ్చింది. కరోనా గాలిద్వారా వ్యాపించేది కాదని 2020 మార్చి 28న ప్రపంచ ఆరోగ్యసంస్థ ప్రకటించింది. ఇళ్లలో వున్న పెద్దవాళ్లు మాత్రం “వాళ్ల గాలి సోకకుండా దూరంగా వుండండి, కిటికీలు తెరవండి” అన్నారు. గాలి ఆడని గదుల్లో అది గాలిమీద కూడా వ్యాపిస్తుందని ఆ సంస్థ 2021లో రాతపూర్వకంగా ఒప్పుకున్నది. ఇందులో పెద్ద పేచీ వ్యాధి గురించి కాదు, మాట గురించి. ‘ఎయిర్‌బోర్న్’, గాలిద్వారా వచ్చేది అనే మాటకు వైద్యులు చాలాకాలంగా ఒక ఇరుకైన అర్థం పెట్టుకున్నారు: తుంపర ఫలానా పరిమాణం కంటే చిన్నదైతేనే ఆ పేరు. అంతకంటే పెద్దదైతే అది కూడా గాలిలోనే వచ్చినా దానికి ఆ పేరు లేదు. గాలి కదలికను చదివిన శాస్త్రవేత్తలకు మరొక అర్థం వుంది. మామూలు మనిషికి మూడో అర్థం. ప్రకటనలు ఒక అర్థంతో వెలువడ్డాయి, జనం మరొక అర్థంతో విన్నారు. బల్లలు కడగడం మీద పెట్టిన శ్రద్ధ కిటికీల మీద పెట్టలేదు. చివరకు 2024 ఏప్రిల్‌లో ప్రపంచ ఆరోగ్యసంస్థ రకరకాల శాస్త్రాలవాళ్లను సంప్రదించి, ఆ మాటలకు అర్థాలు ఏమిటో తేల్చడానికే ఒక ప్రత్యేక నివేదిక వెలువరించవలసి వచ్చింది. ఒక మాటకున్న అనేకార్థాలు పండితుల కాలక్షేపం అనుకునేవాళ్లకు ఈ నివేదిక చూపించాలి.

ముసలమ్మ ఒప్పు, వైద్యుడు తప్పు అని నేను అనడం లేదు. వేపమండల దెబ్బలు దెబ్బలే. బేగంపేటలో దోమ కడుపులో కనిపించింది సత్యమే. నేననేది రచయిత పని గురించి. పాత్ర నోట ‘గాలి సోకింది’ అని రాసేటప్పుడు ఆ మనిషి ఏ అనుభవాన్ని ఆ మాటలో చుట్టిపెట్టిందో విప్పి చూడాలి. అందులో భయం వుండవచ్చు, మోసం వుండవచ్చు, నాలుగు తరాల జాగ్రత్త కూడా వుండవచ్చు. విప్పకముందే తీర్పు చెప్పడం భౌతికవాదం కాదు.

పంజాగుట్ట కూడలికి చేరాం. నగరంలో గాలిని కొలిచే చోట్లలో ఇదొకటి. ఇక్కడ మాట మళ్లీ మారుతుంది. ప్రభుత్వ కాగితాల్లో గాలి వుండదు, ‘వాయువు’ వుంటుంది. 1981 నాటి చట్టం వాయుకాలుష్య నివారణ చట్టం. ప్రకటించే అంకె వాయు నాణ్యతా సూచీ. నా బడిలో సామాన్యశాస్త్రం పుస్తకం మాత్రం గాలి అనేక వాయువుల మిశ్రమమని చెబుతుంది. అక్కడ వాయువు అంటే గ్యాసు. 1984 భోపాల్‌లో, 2020 మేలో విశాఖ దగ్గర వెంకటాపురంలో మనుషులను చంపినదాన్ని పత్రికలు విషవాయువు అన్నాయి, అదీ గ్యాసే. ఇంట్లో మా అమ్మ మోకాళ్లలో ‘వాయువు చేరింది’ అనేది, అది కీళ్లనొప్పి. ఇన్ని పనులు చేస్తున్న మాటను తీసుకువచ్చి చట్టంలో పెట్టడం ఎందుకు? గాలి అంటే అందరికీ అర్థమవుతుంది, అదే దాని నేరం కాబోలు.

ఆ సూచీలో విశేషణాలు మరింత చిత్రంగా వుంటాయి. ఊపిరితిత్తుల లోతుకు పోయే సన్నని ధూళి ఘనపు మీటరు గాలిలో రోజుకు సగటున 60 మైక్రోగ్రాముల వరకు వున్నా మన లెక్కలో ఆ గాలి ‘సంతృప్తికరం’. ప్రపంచ ఆరోగ్యసంస్థ 2021లో పెట్టిన హద్దు 15. నాలుగింతలు. ఎవరి సంతృప్తి అని వాక్యానికి కర్త వుండాలి కదా. కూడలిలో పొద్దుటినుంచి రాత్రిదాకా ఆటో నడిపే ఒక పెద్దాయనను ఒకసారి అడిగాను, ఇక్కడి గాలి ఎట్లా వుంటుందని. “గాలి ఏడున్నది సార్? పొగ వున్నది” అన్నాడు. ఆయన వాక్యంలో విశేషణం లేదు.

ఎన్నికల గాలి గురించి రాయకపోతే ఈ వ్యాసం లోపంగా వుంటుంది. 1982 మార్చిలో పుట్టిన పార్టీ 1983 జనవరిలో అధికారంలోకి వచ్చినప్పుడు దాన్ని అందరూ గాలి అన్నారు, ఇంకొంచెం సంస్కృతం వచ్చినవాళ్లు ప్రభంజనం అన్నారు. ఈమధ్య హవా అంటున్నారు. మాట మారినా పని ఒకటే: లక్షలమంది తమ తమ కారణాలతో చేసిన నిర్ణయాన్ని ప్రకృతి వైపరీత్యంగా చూపించడం. గాలి వీచింది అంటే ఎవరూ ఏమీ చేయలేదని అర్థం వస్తుంది. ఓడినవాడికి అది ఓదార్పు, గెలిచినవాడికి పొగడ్త. ఓటరు ఆ గాలికి కదిలిన ఆకు మాత్రమే. రాజకీయ నవలలు రాసేవాళ్లు ఈ మాటను పత్రికలనుంచి ఎత్తుకొని అట్లాగే వాడుతున్నారు.

చివరగా ‘గాలి మనుషులు’. అమీర్‌పేట హాస్టళ్లలో ఒక గదిలో నలుగురు ఐదుగురు సర్దుకొని, ఉద్యోగం రాక, ఊరికి పోలేక తిరిగే కుర్రవాళ్లను ఊళ్లోవాళ్లు “గాలికి తిరుగుతున్నాడు” అంటారు. అబ్బాయిని అంటే సోమరి అని అర్థం. అమ్మాయిని అంటే అర్థం వేరు, అది చాలా చెడ్డది. ఒకే మాట, ఒకే రోడ్డు, ఇద్దరూ వెతికేది ఒకే రకం ఉద్యోగం. నిఘంటువులో ఈ తేడాకు వేరే అంకె వెయ్యలేదు.

మరుసటి ఆదివారం ఆ కుర్రవాడు మళ్లీ వచ్చాడు. నాలుగో వాక్యం దగ్గర చాలాసేపు కూర్చున్నాం. ఇంగ్లీషు వాక్యంలో ఆ కార్మికురాలు తన బాధను ‘ఎయిర్’ చేసింది. “వెళ్లబోసుకుంది” అన్నాను నేను. “అట్లయితే ఏడ్చినట్టుంటది సార్, ఆమె ఏడుస్తలేదు” అన్నాడు. “వెళ్లగక్కింది” అన్నాను. తల అడ్డంగా ఊపాడు. “మొరపెట్టుకుంది” అంటే యజమాని కాళ్ల దగ్గర కూర్చున్నట్టుందన్నాడు. నాకు తోచిన మాటలన్నీ అయిపోయాయి. పెన్సిలు చివర కొరుకుతూ కాసేపు వూరుకొని, తను రాసిన ‘గాలికి వదిలింది’ మీద గీత కొట్టి, దానిపైన “నలుగుట్లో పెట్టింది” అని రాసుకున్నాడు.

“వాళ్లు తప్పంటే?” అని అడిగాను.

“అంటే అననీ సార్” అని పుస్తకం మూసి, బస్సు టైమైందని లేచాడు.